గోదావరీతీర పాకచరిత్రము (7): కల్యాణి దోసకము, నాయ్‌గావ్ అట్టు

నాందేడు నుండి నర్సీ మీదుగా దెగ్లూరునకును, అచ్చటినుండి హైదరాబాదునకును పోవు బాటమీద నున్న నాయ్‌గావ్, జనాభా లెక్కల పట్టికలలో ఖైర్‌గావ్ అను రెండవ పేరునుగూడ వెంటబెట్టుకొని కనబడు తాలూకా కేంద్రము. ఒకప్పుడు బిలోలి తాలూకాలోనిదై, నిజాము రాజ్యమున కంగమై, నేడు మరాఠ్వాడాకు తూర్పుటంచున నిలిచిన ఈ సీమలో, వీధివాకిట మరాఠీయు పొయ్యికడ తెలుగును పలుకు కుటుంబములు తరతరములుగా కాపురమున్నవి. ఆర్యవైశ్యులు, పద్మశాలీలు, మున్నూరుకాపులు, మన్నెర్వార్లు మున్నగువారి వృత్తులు వేరు, దేవరలు వేరు, పెండ్లితంతులు వేరు. అయినను వానకాలపు సాయంత్రమున పొయ్యిమీద పెనము పెట్టి పిండి కలుపునప్పుడు అందరి యిండ్లనుండియు వచ్చు కమ్మని వాసన ఇంచుమించుగా ఒక్కటియే. గత సంచికలో ఈ సీమ జొన్నరొట్టె కథను చెప్పికొంటిమి. రొట్టె తట్టబడునది, అట్టు పోయబడునది. పోయబడుదాని చరిత్ర తట్టబడుదాని చరిత్రకంటె చిక్కైనది, నా మనస్సునకు మిక్కిలి ప్రియమైనదియును.

తిండిని గూర్చి ఇంత పెద్దగా వ్రాయనేల యని శంకించువారికి సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో ప్రకటించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’యే సమాధానము. రాజుల వంశావళులకంటె ప్రజల కూడుగుడ్డలే చరిత్రకు ప్రాణమని ఆ మహనీయుడు నమ్మి, కావ్యములలో మరుగుపడియున్న వంటకములను, ఆటలను, ఆచారములను ఏరి యెత్తి చూపెను. 1955లో తెలుగు రచనకు లభించిన తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము ఆ గ్రంథమునకే దక్కినది. ఆ బాటలోనే మనమును నడచుచున్నాము.

అట్టు కథకు మొదలు నేలలో నున్నది. దాదాపు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట భూగర్భమునుండి పొంగి దక్కను పీఠభూమిని కప్పిన లావా, పొరలుపొరలుగా గడ్డకట్టి నల్లరాయి యైనది. ఆ నల్లరాయి చివికి నల్లరేగడి యైనది. ఈ రాతిపొరల తూర్పు సరిహద్దు నాందేడు జిల్లాలోనే కనబడును. పడమటినుండి వచ్చిన నల్లరేగడి నాయ్‌గావ్ పొలములలో పరచుకొనియుండగా, తూర్పున బిలోలి, బోధను దిక్కునకు పోయినకొలది గులకరాతి నేలలును ఎర్రమట్టియు ఎదురగును. నల్లరేగడి వానచెమ్మను తనలో పట్టి యుంచుకొని చలికాలపు జొన్నను పండించును. ఎర్రనేల నీటిని నిలుపలేదు గనుక అచ్చటి పూర్వులు చెరువులు త్రవ్వి వరి పండించిరి. మంజీరానదిపై 1923లో మొదలుపెట్టి 1931లో ముగించిన నిజాంసాగరము బోధను పరిసరములను వరిమళ్లుగా మార్చినపిమ్మట ఈ భేదము మరింత స్పష్టమైనది. కనుక నాయ్‌గావ్ వంటింటికి పడమటి చేతివైపున జొన్నపిండియు సెనగపిండియు, తూర్పు చేతివైపున బియ్యమును మినుములును సిద్ధముగా నున్నవి. ఈ రెండింటి నడుమ పుట్టినదే ఇచ్చటి అట్టు.

ఇక గ్రంథప్రమాణమునకు వత్తము. ఋగ్వేదపు దశమ మండలములో అగ్నిదేవునకు అర్పింపబడు నేతి అపూపము ప్రస్తావింపబడినది. పాణిని ఐదవ అధ్యాయములోని ఒక సూత్రమున అపూపాదులను పేర్కొనెను. అయితే అపూపము మన అప్పమునకు చుట్టమగునే కాని, పలుచని పిండిని పెనముమీద పోసి త్రిప్పి తీయు అట్టునకు సాక్ష్యము కావలెనన్నచో మనము నాయ్‌గావ్‌నకు దక్షిణముగా, నేటి బీదరు జిల్లాలోని బసవకల్యాణమునకు పోవలెను. అదియే పశ్చిమ చాళుక్యుల రాజధాని కల్యాణి. 1126 నుండి 1138 వరకు ఏలిన మూడవ సోమేశ్వరుడు సుమారు 1129 ప్రాంతమున ‘మానసోల్లాసము’ అను సంస్కృత గ్రంథమును రచించెను. ‘అభిలషితార్థచింతామణి’ యని దానికి నామాంతరము. ఐదు వింశతులుగా, నూరు అధ్యాయములుగా సాగు ఈ విజ్ఞానకోశములో రాజ్యతంత్రము, ఏనుగుల లక్షణము, వాస్తువు, చిత్రలేఖనము, సంగీతము ఎంత శ్రద్ధతో వర్ణింపబడినవో, రాజుగారి భోజనమును అంత శ్రద్ధతోను వర్ణింపబడినది. బరోడాలోని గాయక్వాడ్ ప్రాచ్యగ్రంథమాలవారు దీనిని 1925, 1939, 1961 సంవత్సరములలో మూడు సంపుటములుగా అచ్చువేసి లోకమునకు గొప్ప మేలు చేసిరి.

ఆ భోజనప్రకరణములో గోధుమపిండిని నేతితో ఉప్పుతో మర్దించి పలుచగా సాచి కాగిన మట్టిపాత్రమీద కాల్చు మండకము కలదు. నేటి పోలెకు పూర్వజ యనదగిన ‘పోలిక’ యను భక్ష్యము కలదు. మినుముల పిండితో చేసి, నేయి, ఇంగువ, జీలకర్ర, మిరియాలపొడి దట్టించు ఇడరిక కలదు. రుబ్బిన పప్పుపిండిని నూనె రాచిన పెనముమీద పరచి కాల్చు దోసకమును కలదు. పాఠకుడు ఇచ్చట ఒక్క క్షణము ఆగవలెను. ఆ దోసకములో బియ్యము లేదు. నేడు దోసె యనగానే మనకు తోచు బియ్యము–మినుముల పాళ్లు, తెల్లవారునప్పటికి పిండి పొంగుట, ఇవేవియు కల్యాణి వంటశాలలోని దోసకమునకు చెందినవి కావు. అంతకు ఒక శతాబ్ది ముందు, 1025 ప్రాంతమున, అదే చాళుక్యరాజ్యములో చావుండరాయడు కన్నడమున వ్రాసిన ‘లోకోపకార’ములోని ఇడ్డెనయు మజ్జిగలో నానిన మినుములదే, దానియందును బియ్యము కనబడదు.

ఈ సంగతిని తిండిచరిత్రకారులు ఎరుగుదురు. ఎరిగియు, తరువాత బియ్యము ఎప్పుడు చేరినదను ప్రశ్నవైపునకు పరుగెత్తి, బియ్యము చేరని పాత అట్టు ఏమైనదను ప్రశ్నను విడిచిపెట్టుదురు. నా యభిప్రాయమున అది ఎచ్చటికిని పోలేదు. చాళుక్యుల ఏలుబడిలోనిదే యైన ఈ సీమలో, దెగ్లూరు తాలూకా హొట్టల్‌లో వారి నాటి సిద్ధేశ్వరాలయము నేటికిని నిలిచియున్న ఈ నేలమీద, మరాఠీవారు ధిరడే యనియు మనవారు అట్టనియు పిలుచు, జొన్నపిండితో కూడిన పప్పుపిండి పలక, దినదినము పెనమునెక్కి దిగుచునే యున్నది. హోటలు దోసెకంటె ఈ ఇంటి అట్టే కల్యాణి దోసకమునకు దగ్గరి బంధువు. శిథిలాలయమును చూచి చేతులు జోడించు మనము, సజీవముగ నున్న ఈ ప్రాచీనవస్తువును ప్రాచీనవస్తువుగా గుర్తింపకపోవుట న్యాయము కాదు.

ఆ అట్టును పోయు విధానము చూడదగినది. జొన్నపిండి రెండు పాళ్లు, సెనగపిండి ఒక పాలు, ఉప్పు, పసుపు, వాము, సన్నగా తరిగిన ఉల్లి, పచ్చిమిర్చి, కొత్తిమీర. వీటిని పుల్లమజ్జిగతో కలిపి, గరిటెనుండి ఎడతెగక జారునంత పలుచన చేయుదురు. పెనము కాగినదో లేదో తెలియుటకు నాలుగు నీటిబొట్లు చిలుకరింతురు. బొట్టు చురచుర మని ఎగిరిపోవలెను. నూనెలో ముంచిన వంకాయ తొడిమతో పెనమును రుద్దుదురు. ఉల్లి నిషిద్ధము కాని దినములలో సగము కోసిన ఉల్లిగడ్డయే ఆ పని చేయును. జొన్నపిండికి సాగు గుణము లేదు గనుక దోసెవలె నడుమ పోసి గరిటెతో త్రిప్పినచో చినిగిపోవును. కనుక అంచునుండి మొదలిడి లోనికి చుట్టుగా పోయుచు వచ్చి, నడుమ మిగిలిన ఖాళీలను వ్రేలితో చిలుకరించి పూడ్తురు. మూత పెట్టుదురు. మూతక్రింది ఆవిరికి పైభాగము ఉడికి, అంచులు తమంతట తాము లేచినపుడే అట్లకాడ పెట్టవలెను. తొందరపడి కదలించినచో అది అట్టుగా రాదు, ముద్దగా వచ్చును. ఈ నేర్పు పుస్తకములలో లేదు. తల్లి ప్రక్కన కూర్చుండిన పిల్ల కన్నులతోనే నేర్చుకొనవలెను.

బియ్యము–మినుముల అట్టు మార్గము వేరు. మినుములోని జిగురు గాలిని పట్టి యుంచును. ఆ పిండిలో రాత్రివేళ పెరుగు సూక్ష్మజీవులు, ముఖ్యముగ లూకోనోస్టాక్ జాతివి, వాయువును పుట్టించి పులుపునిచ్చును. చలికాలమున ఈ క్రియ మందగించును గనుక పిండిగిన్నెను పొయ్యిప్రక్కన, గొంగడి చుట్టి పెట్టుదురు. నిజామాబాదు, బోధను ప్రాంతములనుండి వచ్చిన కోడండ్రు ఈ పద్ధతిని నాయ్‌గావ్ గృహములకు తెచ్చిరి. ఇచ్చట రోటీబేటీ సంబంధములు మంజీరను, రాష్ట్రపు సరిహద్దును లెక్కచేయవు. ధర్మాబాదు పిల్ల బాసరకు పోవును, బిలోలి పిల్లవానికి బోధనునుండి సంబంధము వచ్చును. సారెతోపాటు పెనమును, పెనముతోపాటు పిండిపాళ్లును ప్రయాణము చేయును. ఒక ఇంట అత్తగారు జొన్నపిండి అట్టు పోయగా, కోడలు పులియబెట్టిన పిండితో దిబ్బరొట్టె వేయును. మనుమలు రెంటిని తినుచు పెరుగుదురు. తెలంగాణపు సర్వపిండికిని మరాఠీ థాలీపీఠమునకును గల పోలికయు ఇట్లే ఏర్పడినదని నా నమ్మకము. మొదటిది బియ్యపుపిండిలో సెనగపప్పు, నువ్వులు, పల్లీలు కలిపినది; రెండవది జొన్నలు, సజ్జలు, సెనగలు, మినుములు, ధనియాలు మున్నగువానిని వేయించి విసరిన భాజణితో చేయునది. ద్రవ్యములు వేరైనను, ముద్దను పాత్రకు అద్ది, వ్రేలితో తూట్లు పొడిచి, ఆ తూట్లలో నూనెచుక్కలు విడుచు పని రెంటిలోను ఒక్కటియే.

ఇక అట్టుతో నంజుకొనునవి. ఈ విషయమున ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క శాస్త్రము కలదు. నాయ్‌గావ్ వైపు కారమునకు పచ్చిమిర్చి, వెల్లుల్లి, ఉప్పు కలిపి దంచిన ఠేచా. అవిసెగింజల చట్నీ, వలిసెల చట్నీ. తెలుగిండ్లలో వీటి ప్రక్కనే ఎల్లిగడ్డకారము, నువ్వులపొడి, పుంటికూర తొక్కు. చల్లచిలికి తీసిన వెన్నముద్ద వేడి అట్టుపై కరుగుచుండగా దానిమీద ఠేచాను అలదుట పెద్దవారి అభిరుచి. పిల్లలకు మాత్రము గోధుమపిండిని బెల్లపునీటితో కలిపి ఏలకులపొడి చల్లి పోసిన తీపి అట్టే అట్టు. దానిపై నేయి తప్ప వేరేమియు అక్కరలేదు, పాలలో ముంచుకొనువారును కలరు. తీపి అట్టుకు బెల్లము నీటిలో పూర్తిగ కరగి వడకట్టబడవలెను. కరగని పలుకు పెనమున కంటినదా, ఆ చోట మాడి, తరువాతి నాలుగు అట్లను చెరచును.

ఈ నంజుళ్లలో పాతవేవి, క్రొత్తవేవి యని విచారించినచో ఆశ్చర్యము కలుగును. మిరపయు వేరుసెనగయు అమెరికా ఖండమునకు చెందినవి. 1498లో వాస్కో డ గామా కోళిక్కోడు తీరమున దిగినపిమ్మటనే అవి మన దేశమునకు అలవడినవి. సోమేశ్వరుడు గ్రంథము వ్రాసిన నాటికి ఇంకను దాదాపు 370 ఏండ్లు గడువవలసియున్నది. అనగా ఠేచా లేని అట్టును, పల్లీలు లేని సర్వపిండిని మన పూర్వులు శతాబ్దులపాటు తినిరి. వారికి కారమనగా మిరియము, అల్లము. జొన్న ఆఫ్రికాలో సాగునకు వచ్చి, క్రీస్తుకు పూర్వమే మన దేశమునకు చేరినది. వలిసెలును ఇథియోపియా ఎత్తునేలల పంటయే. పులియబెట్టిన టెఫ్ ధాన్యపు పిండితో ఇంజెరా యను పెద్ద అట్టును పోసి, దానిమీదనే కూరలు వడ్డించుకొని తిను ఆ దేశపు గింజ, నాయ్‌గావ్ అట్టు ప్రక్కన చట్నీయై కూర్చున్నది. మినుము అచ్చముగ మన నేల బిడ్డ. నేయి, బెల్లము, నువ్వులు, మజ్జిగ ప్రాచీనములు. కావున తీపి అట్టు మీది నేతిచుక్క ఈ పళ్లెములోని వయోవృద్ధములలో నొకటి.

తీపియా, ఉప్పా అను ఈ ఇంటింటి తగవు మన దేశమునకే చెందినది కాదు. క్రీస్తుశకము రెండవ శతాబ్దిలో గేలెన్ అను గ్రీకు వైద్యుడు, నీటిలో కలిపిన గోధుమపిండిని కాగిన నూనెలో పోసి త్రిప్పి కాల్చు టాగెనీటెస్ అను అట్టును వర్ణించుచు, కొందరు దానికి తేనెను, మరికొందరు సముద్రపు ఉప్పును చేర్తురని వ్రాసెను. అపీషియస్ పేరిట ప్రసిద్ధమైన రోమను పాకగ్రంథములోని గ్రుడ్ల అట్టు మరింత విచిత్రము. తేనె పోసి దానిపై మిరియాలపొడి చల్లుమని అందున్నది. ఆ మిరియము మన మలబారునుండి ఓడలెక్కి పోయినదే. ఇంగ్లండులో ఈస్టరుకు ముందరి ఉపవాసదినములు మొదలగుటకు ముందునాడైన మంగళవారమున, ఇంటనున్న గ్రుడ్లు, పాలు, వెన్న చెల్లిపోవుటకై అట్లు పోసికొని నిమ్మరసము, చక్కెరతో తిందురు. ఫ్రాన్సువారు ఫిబ్రవరి 2వ తేదీన, రష్యావారు మాస్లెనిత్సా వారమున అట్ల పండుగనే జరుపుదురు. మీగడయు వెన్నయు లేక బ్లినీలనెడి ఆ రష్యను అట్లకు పండుగ లేదు.

మన పండుగ అట్టు మాత్రము వ్రతముతో కూడినది. కోస్తా జిల్లాలలో ఆశ్వయుజ బహుళ తదియనాడు అట్లతద్ది. కన్నెపిల్లలును ముత్తైదువలును తెల్లవారకముందే లేచి చద్దియన్నము తిని, ఉయ్యాలలూగి, పగలంతయు ఉపవసించి, చంద్రోదయమైనపిమ్మట గౌరికి పదకొండు అట్లు నివేదించి, పదకొండట్లను ముత్తైదువకు వాయనమిత్తురు. బియ్యము చంద్రునకు, మినుములు రాహువునకు సంబంధించిన ధాన్యములనియు, అట్లు కుజునకు ప్రీతియనియు పెద్దలు చెప్పుదురు. తెలంగాణమున ఈ నోము వాడుక తక్కువ. దానికి మారుగా అదే మాసపు శుక్లపక్షమున, బతుకమ్మ తొమ్మిది దినములలో ఐదవది అట్ల బతుకమ్మ. ఆ దినమున పూలగౌరమ్మకు అట్లే నైవేద్యము. నాందేడు జిల్లాలోని తెలుగు కుటుంబములు బతుకమ్మను విడువలేదు. తంగేడు, గునుగు పూలతోపాటు ఆ నాటి అట్టును విడువలేదు. ఒక ఇంటినుండి మరొక ఇంటికి ఆకులో చుట్టి పంపిన అట్టుకు బదులుగా వట్టి గిన్నె తిరిగిరాదు. అట్టుకు అట్టున్నర యను మాటను లోకము నేడు కయ్యమునకు వాడుచున్నది కాని, ఆకుమీది అట్టు విషయమున అది వియ్యమునకే తగును.

1956 నవంబరు 1వ తేదీన హైదరాబాదు రాష్ట్రము మూడు ముక్కలైనది. రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ చట్టము ప్రకారము నాందేడు జిల్లా బొంబాయి రాష్ట్రమునకు చేరగా, అందలి దెగ్లూరు తాలూకానుండి బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లును, ముధోల్ తాలూకానుండి ముధోల్, భైంసా, కుబీరు సర్కిళ్లును ఆంధ్రప్రదేశమునకు వచ్చినవి. ఆదిలాబాదు జిల్లానుండి కిన్వట్, రాజురా తాలూకాలును, బోథ్ తాలూకాలోని ఇస్లాపూర్ సర్కిలును అటు పోయినవి. 1960 మే 1న మహారాష్ట్రము అవతరించినది. గీత గీసినవారు భాషల లెక్క చూచిరి. అది అవసరమే, తప్పు పట్టరానిది. కాని ఆ గీతకు అటు ఇటు గల పెనములమీద నేటికిని అవే పిండ్లు, అవే పాళ్లు. జుక్కల్‌లో జొన్న అట్టును, నాయ్‌గావ్‌లో మినప అట్టును తినువారు ఎవరి రాష్ట్రపు తిండిని ఎవరు తినుచున్నారో విచారించి తినరు.

ఉడుపివారి హోటళ్లు బొంబాయిలోని మాటుంగా మొదలుకొని చిన్న పట్టణములవరకు వ్యాపించి, మసాలాదోసెను దేశవ్యాప్తము చేసినవి. దానికి నేను విరోధిని కాను. బంగాళాదుంపకూర చుట్టిన కరకర దోసె రుచిని కాదనువారు లేరు. అయితే అది వచ్చి, ఇంటి అట్టును పేదవాని తిండిగా చిన్నచూపు చూచు అలవాటును తెచ్చినది. చుట్టములు వచ్చినచో హోటలునుండి దోసె తెప్పింతురు. జొన్న అట్టును చాటుగా తిందురు. దాదాపు తొమ్మిదివందల ఏండ్ల నాడు ఒక చక్రవర్తి తన భోజనపంక్తిలో చేర్చి శ్లోకములలో పొదిగిన వంటకపు వంశమునకు ఈ చాటు తగదు.

మరాఠీలో కమలాబాయి ఓగలేగారి ‘రుచిరా’ 1970లో వెలువడి, గిన్నెల కొలతలతో ఇంటివంటను ఇంటింటికి చేర్చినది. మరాఠ్వాడా తెలుగు గృహముల వంటకు అట్టి పుస్తకము రావలసియున్నది. దానికి సామగ్రి మీ యిండ్లలోనే కలదు. నాయ్‌గావ్, బిలోలి, దెగ్లూరు, ధర్మాబాదు, కిన్వట్ ప్రాంతముల పాఠకులకు నా మనవి: మీ తల్లులను, అత్తలను, అమ్మమ్మలను అడిగి, జొన్నపిండి ఎన్ని పాళ్లు, సెనగపిండి ఎన్ని పాళ్లు, మజ్జిగ ఎంత, ఏ పండుగకు ఏ అట్టు, దానిపై ఏమి వేసికొందురు, ఏ ఊరినుండి వచ్చిన కోడలు ఏమి తెచ్చినది, అంతయు వారు పలికిన మాటలలోనే వ్రాసి యుంచుడు. అడుగుటకు వారుండగానే అడుగుడు.

వచ్చే సంచికలో నాగపంచమి. ఆ దినమున ఈ సీమ ఇండ్లలో పొయ్యిపై పెనము పెట్టరు. కోయుట, వేయించుట లేక, ఆవిరిమీద ఉడికించిన పూర్ణపు దిండ్లే భోజనము.